కొండకి ఊపిరాడకపోతే

ఉద్యోగంలో చేరిన రోజున మా పిన్నికి రెండో తరగతి ఇచ్చారు. రిటైరు కావలసిన ఏడు కూడా ఆవిడ రెండో తరగతిలోనే ఉంది. "ఎంతమందినో పై క్లాసుకి పంపించాను గానీ, నన్ను మాత్రం ఎవరూ పాస్ చెయ్యలేదే అమ్మాయ్" అనేది నాతో. నవ్వుతూనే అనేది గానీ, ఆ నవ్వు పూర్తయ్యేలోపే నిట్టూర్పు వచ్చేది.

నేను నర్సింగు చదువుకోవడానికి వాళ్లింట్లో ఉండేదాన్ని. సాయంత్రం బడి నుంచి రాగానే పిన్ని చేసే మొదటి పని, వేడినీళ్ల బకెట్టులో పాదాలు పెట్టుకుని కూర్చోవడం. ఎడమ మోకాలు వాచి ఉండేది. సుద్దపొడికి గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. ముందుగదిలో బాబాయి కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఇల్లంతా మిషను నూనె వాసన. "ఏమండీ, ఆ మోత కాసేపు ఆపుతారా?" అని ఆవిడ, "నువ్వు రోజంతా అరిచి వచ్చావు, నేనేమన్నా అన్నానా?" అని ఆయన. ఇద్దరిదీ అదే పాట. పోట్లాడే ఓపిక మాత్రం ఇద్దరికీ లేదు.

వంటింటి కిటికీలోంచి కొండ కనిపించేది. మా ఊళ్లో దాన్ని ఉత్త కొండ అనే అనేవాళ్లం. అది అగ్నిపర్వతమని అందరికీ తెలుసు. అయితే అది రాజుకున్నది మా తాతల నాటి ముచ్చట. అప్పుడు బతికున్నవాళ్లెవరూ ఇప్పుడు లేరు. అందుకని ఎవరికీ భయమూ లేదు.

ఆ ఏడు ఎండలు ముదిరే రోజుల్లో అలమారలో గిన్నెలు వాటంతటవే గలగలమనడం మొదలైంది. మొదట ఎలుకలనుకున్నాం. తర్వాత వీధి గోడలు బీటలిచ్చాయి. కొండ మీంచి కుళ్లిన కోడిగుడ్ల వాసన దిగింది. ఒక ఉదయం కొండ కొసన తెల్లటి పొగ కనిపించింది. అంతే, మధ్యాహ్నానికల్లా మైకు కట్టిన వ్యాను వచ్చి, కట్టుబట్టలతో బయల్దేరమంది. పిన్ని రెండు చీరలు, మోకాలికి రాసుకునే మందు సంచిలో పడేసుకుంది. బాబాయి మాత్రం ఊరివాళ్లు బాగుచేయమని ఇచ్చిన మిషన్లు వదిలి రానని గుమ్మంలో భీష్మించుకు కూర్చున్నాడు. చివరికి నేను ఒక చెయ్యి, పోలీసాయన ఒక చెయ్యి పట్టుకుని వ్యానెక్కించాం.

మమ్మల్ని పక్క పట్నంలో ఆటల స్టేడియంలో పెట్టారు. పైన రేకుల కప్పు, కింద బాస్కెట్‌బాల్ గీతలు గీసిన చెక్క నేల. ఆ గీతలనే హద్దులు చేసి ఒక్కో కుటుంబానికి కాస్త కాస్త చోటు పంచారు. మాకు బంతి వేసే బుట్ట కిందకి వచ్చింది. తాళ్లు కట్టి దుప్పట్లు వేలాడదీస్తే అవే గోడలు. ఒకరు దగ్గితే పదిళ్లకు వినపడేది. స్నానాల గది దగ్గర బారు, టీ దగ్గర బారు, సెల్‌ఫోను చార్జింగు దగ్గర బారు. నిలబడీ నిలబడీ అందరి ప్రాణాలూ విసిగిపోయాయి.

రోజూ సాయంత్రం అగ్నిపర్వత పరిశోధన కేంద్రం నుంచి ఒకమ్మాయి వచ్చి మైకులో కొండ కబురు చెప్పేది. ఎప్పుడూ అదే కబురు: "ఇంకా ప్రమాదం ఉంది. ఎప్పుడన్నది చెప్పలేం." మొదట్లో జనం నోరు మూసుకుని విన్నారు. పోనుపోను ఆ అమ్మాయి మీద విరుచుకుపడటం మొదలెట్టారు. "చెప్పలేనిదానికి మైకెందుకు?" అని ఒకడు కేకేస్తే మిగతావాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ పిల్ల తల దించుకుని వెళ్లిపోయేది.

పనీ పాటా లేక పిల్లలు స్టేడియం ఆ కొస నుంచి ఈ కొసకి పరుగులు. పడుకున్న ముసలివాళ్ల కాళ్లు తొక్కేవాళ్లు. శిబిరం చూసే ఆఫీసరు వెతుక్కుంటూ పిన్ని దగ్గరికి వచ్చాడు.

"టీచర్ గారూ, రోజూ ఓ గంట వీళ్లని కూర్చోబెట్టి ఏదైనా చెప్పండి. పుణ్యముంటుంది."

"ఇక్కడ కూడానా బాబూ?" అంది పిన్ని. మోకాలికి మందు రాసుకుంటోంది. అలా అన్నదే గానీ, మర్నాటి నుంచి బుట్ట కింద పిల్లల్ని పోగేసి ఎక్కాలు చెప్పించింది. వాళ్లు అరుస్తుంటే గోడకి ఆనుకుని కళ్లు మూసుకునేది. తప్పు చదివితే మాత్రం కళ్లు తెరవకుండానే దిద్దేది.

ఆ పిల్లల్లో పిచ్చుక అని ఒకతె ఉండేది. సన్నగా, గోధుమరంగు గౌనులో ఎగిరిపోయేలా ఉండేది కాబట్టి ఆ పేరు. పిన్ని క్లాసు పిల్లే. అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. వాళ్లకి చోటిచ్చింది మా దుప్పటి గోడకి అవతలే. బడిలో ఈ పిల్ల నోరు మూయించడం పిన్నికి తల ప్రాణం తోకకొచ్చే పని. అలాంటిది స్టేడియానికి వచ్చాక ఉలుకూ పలుకూ లేదు.

ఒక రోజు ఎక్కాలయ్యాక అందరూ లేచిపోతుంటే పిచ్చుక పిన్ని కొంగు పట్టుకుంది.

"టీచర్, కొండకి ఊపిరాడకపోతే ఏమవుతుంది?"

పిన్నికి అప్పటికి ఒళ్లు హూనమై ఉంది. ముందు రోజు పక్కవాళ్ల పసిపిల్ల ఏడుపుతో నిద్ర లేదు. "రేపు చెప్తానమ్మా, ఇప్పుడు నన్నొదిలెయ్" అంది. పిచ్చుక కొంగు వదిలేసింది.

రెండు రోజులు గడిచాక అమ్మమ్మ దుప్పటి తొలగించి నన్ను పిలిచింది. "నువ్వు నర్సువి కదమ్మా, దీన్నోసారి చూడు. ముద్ద ముట్టడం లేదు." చేయి పట్టి చూశాను. జ్వరం లేదు, కడుపునొప్పి లేదు. గోడవైపు తిరిగి పడుకుని, ఏమడిగినా తల అడ్డంగా ఊపుతోంది. పిన్ని విని, అబ్బా అని మూలుగుతూ లేచి, ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చుంది. ఆవిడకి కింద కూర్చోవడమంటే నరకం.

"మొన్న ఏదో అడిగావు కదే. నేనే విసుక్కున్నాను. ఇప్పుడడుగు."

తర్వాత గోడవైపు నుంచే సన్నగా వినపడింది. "కొండకి బొక్క ఉంది టీచర్. పొగ వస్తుంటే మేం రాళ్లు కుక్కేశాం. పైన మట్టి కూడా మెత్తాను. నేనే మెత్తాను."

వేసవి మొదట్లో పిల్లలందరూ సీమచింతకాయలకని కొండ మొదటికి వెళ్లారట. నేలలో అరచేయంత సందు, అందులోంచి వెచ్చటి ఆవిరి. ఆట కింద దాన్ని మూసేశారు. తర్వాత కొద్ది రోజులకే ఊరు కదిలింది. ఇక్కడికొచ్చాక అమ్మమ్మ ఎవరితోనో అంది, "కొండనెవరో కెలికారు, అందుకే దానికి ఒళ్లు మండింది" అని. ఆ మాట ఈ పిల్ల చెవిన పడింది. ఇంతమంది ఇళ్లొదిలి నేల మీద పడుకోవడం తన వల్లేనని లోపల్లోపల కుమిలిపోతోంది.

అమ్మమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏదో నోటికొచ్చింది అన్నానమ్మా, దీనికెక్కడ తెలుసు..."

"నీ వల్ల కాదే పిచ్చిదానా" అంది పిన్ని.

పిచ్చుక ఇటు తిరిగింది. "మరి ఎవరి వల్ల?"

బడి పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం ఉండేది: అగ్నిపర్వతం అనగా నిప్పులు కక్కు పర్వతం. దాన్ని పిన్ని వందలమంది చేత వల్లె వేయించింది. ఎందుకు కక్కుతుందని ఎవరూ అడగలేదు, ఆవిడా ఆలోచించలేదు.

"నాకు సరిగ్గా తెలీదు. తెలుసుకుని చెప్తాను. ఒట్టు. నువ్వు మాత్రం తిను" అంది.

ఆ సాయంత్రం కేంద్రం అమ్మాయి మైకు పెట్టేసి వెళ్లిపోతుంటే పిన్ని టీ పాత్ర దగ్గర పట్టుకుంది. తననూ తిట్టడానికే వచ్చిందనుకుని ఆ అమ్మాయి రెండడుగులు వెనక్కేసింది. కళ్ల కింద నల్లటి గుంటలు. జుట్టు దువ్వి ఎన్నాళ్లయిందో.

"భోంచేశావా తల్లీ?" అనడిగింది పిన్ని.

అమ్మాయి ఆలోచించింది. "గుర్తులేదండీ."

పిన్ని మా వాటా బ్రెడ్డు తెచ్చి చేతిలో పెట్టింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. ఆవిడ పిచ్చుక సంగతి చెప్పింది. అమ్మాయి నమలడం ఆపేసింది. "నాకు ఈ నెలలో వచ్చిన ప్రశ్నలన్నీ ఎప్పుడు, ఎప్పుడు అనే. ఎందుకు అని ఒక్కరూ అడగలేదు" అంది. అక్కడి నుంచి చెప్తూనే ఉంది, బ్రెడ్డు సంగతి మర్చిపోయి. పిన్ని అర్థంకాని చోటల్లా ఆపేది. "ఆగమ్మా ఆగు, నేను రెండో తరగతి. అలా చెప్పు" అనేది. నేను పక్కనే కూర్చుని విన్నాను. ఇద్దరూ అలిసిపోయి ఉన్నారు. ఒకసారి ఆ అమ్మాయి మాట మధ్యలోనే కునికింది కూడా.

మర్నాడు పిన్ని ఎక్కాలు ఎత్తలేదు. వ్యాయామం చేసే దళసరి నీలం పరుపులు రెండు మూలనుంటే, నా చేత, ఇద్దరు పెద్దపిల్లల చేత మోయించి తెచ్చింది. ఒకటి బాగా తడిపించింది. పిచ్చుకని ముందు వరసలో కూర్చోబెట్టుకుంది.

"మన కాళ్ల కింద నేల ఒకటే ముక్క అనుకుంటున్నారా? కాదు. పగిలిన పెంకు లాంటిది. పెద్ద పెద్ద ముక్కలు. ఊళ్లూ సముద్రాలూ అన్నీ ఆ ముక్కల మీదే. అవి కదుల్తుంటాయి."

"మరి మనకి తెలీదేం?"

"నీ గోరు పెరగడం నీకు తెలుస్తోందా? అంత నెమ్మది." పరుపుల్ని ఎదురెదురుగా నెట్టమంది. నెట్టగా నెట్టగా తడిది పొడిదాని కిందకి దూరింది. పైది ఉబ్బింది. "చూశారా, సముద్రం కింద ముక్క ఇలా ఇంకో ముక్క కిందకి దిగిపోతుంది. ఒట్టిగా పోదు, నీళ్లు పట్టుకుని పోతుంది, ఈ తడి పరుపులాగే. లోపల ఎలా ఉంటుంది?"

"నిప్పు!" అన్నారందరూ.

"అదే, నేనూ నిన్నటిదాకా అలాగే అనుకున్నా. లోపలంతా నిప్పుల సముద్రం కాదట. రాయే. కానీ కాగిపోయిన రాయి. పైనున్న బరువుకి అణిగి, కరగకుండా గట్టిగా ఉంటుంది. దానికి ఆ నీళ్లు తగిలాయనుకోండి, అక్కడక్కడ కరిగిపోతుంది. కరిగిన రాయి చుట్టూ ఉన్న రాయికన్నా తేలిక. తేలికైనది ఏం చేస్తుంది?"

"పైకొస్తుంది" అంది పిచ్చుక. స్టేడియానికి వచ్చాక క్లాసులో ఆ పిల్ల గొంతు వినడం అదే మొదలు.

"వస్తుంది. సందుల్లోంచి, చాలా ఏళ్లు. వచ్చి వచ్చి కొండ అడుగున పోగవుతుంది. అది రాళ్లని పగలగొట్టుకుంటూ దారి చేసుకుంటుంటేనే మనింట్లో గిన్నెలు గలగలమన్నాయి."

తర్వాత సంచిలోంచి సోడా సీసా తీసింది. కేంద్రం అమ్మాయి ఇచ్చింది. "ఇందులో గాలి ఉందా?" చూశారు. లేదన్నారు. "ఉంది. నీళ్లలో కలిసిపోయి దాక్కుంది. మూత బిగించి ఉన్నంతసేపూ బయటికి రాదు. కరిగిన రాయిలోనూ ఇలాగే ఆవిరీ గాలులూ దాక్కుని ఉంటాయి. పైకి వచ్చేకొద్దీ మీద బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే..."

ఊపి మూత తిప్పింది. బుస్సుమని నురగ లేచి, అవతల తాడు మీద ఆరేసిన బాబాయి చొక్కా మీద పడింది. ఆయనకి ఉన్న మంచి చొక్కా అదొక్కటే. పిల్లలు పడీ పడీ నవ్వారు. "చదువు చెప్పమంటే స్నానం చేయిస్తున్నావేమే!" అని బాబాయి దుప్పటి వెనక నుంచి అరిచాడు.

"కొండ పేలడమంటే ఇంతే. రాయి పలచగా కరిగి ఉంటే బుడగలు సులువుగా పోతాయి, లావా పాకుతూ పారుతుంది. చిక్కటి బంక లాగుంటే బుడగలు ఇరుక్కుపోతాయి. ఇరుక్కుని ఇరుక్కుని, రాయినే తునకలు చేసి పైకి ఎగరగొడతాయి. మనం బూడిద అనేది పొయ్యిలో బూడిద కాదర్రా, పొడైపోయిన రాయి. ఆ పొడీ ఆ లావా పొరలు పొరలుగా పడీ పడీ లేచిందే మన కొండ. అది తన మీద తనే కట్టుకున్న ఇల్లు."

పిచ్చుక లేచి నిలబడింది. అందరి ముందూ అడిగింది. "బొక్క మూసేస్తే?"

"నేనూ అదే అడిగాను ఆ మైకు అమ్మాయిని. నువ్వు మూసింది కొండ గొంతు కాదే, చర్మం మీద చిన్న రంధ్రం. అలాంటివి దానికి ఎన్నో. ఆవిరి పక్క సందులోంచి పోయింది. లారీ మీద ఈగ వాలితే లారీ ఆగుతుందా? ఇదంతా నువ్వు పుట్టకముందు, మీ అమ్మమ్మ పుట్టకముందు, అసలు మనుషులే పుట్టకముందు మొదలైంది. దానికి ఒళ్లూ మండలేదు, కోపమూ రాలేదు. దానికి మనం ఉన్నామనే తెలీదు."

ఆ పూట పిచ్చుక భోజనం చేసింది. అలాగని ఒక్కసారిగా మామూలైపోలేదు. రోజూ పొద్దున్నే దుప్పటి కింద నుంచి తల పెట్టి "నా వల్ల కాదు కదా టీచర్?" అనేది. పిన్ని పళ్లు తోముకుంటూనో, టీ బారులో నిలబడో "కాదమ్మా" అనేది. ఎన్నిసార్లడిగినా విసుక్కోలేదు. ఎక్కాలకైతే విసుక్కునేది.

ఇంతలో కొండ సద్దుమణిగింది. పొగ తగ్గింది, నేల అదురూ లేదని ఊరి దగ్గర కాపలా పోలీసులే చెప్పారు. జనం ఇంటికి పోతామని గోల. బాబాయి చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. "మిషన్లు తుప్పుపడతాయి. వెళ్లి నూనె వేసి వచ్చేస్తా."

"ఏమండీ, వద్దండీ. నెమ్మదించిందంటే అయిపోయిందని కాదట. కొండ లోపలి దారి పూడుకుపోయినా పైకి అలాగే ఉంటుందట. ఆ అమ్మాయి చెప్పింది."

"ఆ అమ్మాయి నెల నుంచి చెప్తూనే ఉంది" అని ఎవరి స్కూటరు వెనకో ఎక్కి వెళ్లిపోయాడు. పిన్ని ఆపలేదు. తర్వాత నాతో అంది, ఆపడానికి లేచి నిలబడాలి కదా, ఆ ఓపిక కూడా లేకపోయిందే అని.

మధ్యాహ్నం భోజనాల వేళ నేల ఒక్క కుదుపు కుదిపింది. ఉరుము కాదు, ఛాతీలో తగిలిన దెబ్బలాంటిది. అందరం మెట్ల మీదికి పరిగెత్తాం. దూరాన మా కొండ మీద బూడిద రంగు మబ్బు, కాలీఫ్లవరు పువ్వులా విచ్చుకుంటూ పైకి పైకి పోతోంది. లోపల మెరుపులు. చప్పట్లు కొట్టి ఎగతాళి చేసినవాళ్లందరూ కొయ్యబారి నిలబడ్డారు. పిచ్చుక వచ్చి పిన్ని చెయ్యి పట్టుకుంది. ఏమీ అడగలేదు. పిన్నే వంగి "కాదు" అంది. ఆవిడ చూపు మాత్రం రోడ్డు మీదే.

సాయంత్రం కావస్తుండగా బాబాయి నడిచి వచ్చాడు. తల నుంచి కాలి దాకా ఒకటే బూడిద. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. స్కూటరతను దింపి పోయాక, ఊరి పొలిమేర గేటు దగ్గర పోలీసు ఆపేశాడట. నన్ను వదలకపోతే చూడు అని ఈయన వాదన. కాదు కూడదని అతను. ఆ వాదులాటలో ఉండగానే పేలింది. "వాడే గనక వదిలుంటే..." అని మధ్యలో ఆపేశాడు. పిన్ని తువ్వాలు తడిపి మొహం తుడిచింది. తిట్టలేదు. తుడవడం అయ్యాక అక్కడే, నేల మీదే కూర్చుండిపోయింది. మేమిద్దరం కలిసి లేపాల్సి వచ్చింది.

వానలు మొదలయ్యే ముందు మమ్మల్ని ఊళ్లోకి వదిలారు. ఎవరికీ ప్రాణనష్టం లేదు, అందరం బయటే ఉన్నాం కాబట్టి. ఇళ్లు మాత్రం బూడిదలో మునిగాయి. చూడ్డానికి పిండిలా మెత్తగా ఉంటుంది, పార ఎత్తితే నడుం విరుగుతుంది. తడిస్తే సిమెంటే. ఆ బరువుకి బడి పైకప్పు కూలిపోయింది. పిన్ని ముక్కుకి గుడ్డ కట్టుకుని రెండో తరగతి గదిలో బెంచీలు వెతికింది. పనికొచ్చినవి ఒక మూల చేర్చింది. మిగతావి వదిలేసింది.

పిచ్చుకనీ అమ్మమ్మనీ మేనమామ వచ్చి తన ఊరు తీసుకుపోయాడు. వ్యాను ఎక్కేటప్పుడు ఆ పిల్ల అప్పటికే అవతలి కిటికీలోంచి ఇంకెవరితోనో గలగలా మాట్లాడుతోంది. పిన్నిని చూసి చెయ్యి ఊపింది. మళ్లీ ఎప్పుడూ కనపడలేదు. ఉత్తరాలూ అవీ ఏమీ లేవు. పిల్లలంతే, అలా ఉంటేనే మంచిది అంది పిన్ని.

ఆ ఏడే రిటైరు కావాలి. బూడిద ఊరికి రావడానికి కొత్త టీచర్లెవరూ ఒప్పుకోలేదు. ఇంకో ఏడాది ఉండమని అడిగారు. సణుక్కుంటూ, మోకాలికి పట్టీ వేసుకుంటూ ఉండిపోయింది. రేకుల షెడ్డులో క్లాసు. గాలి వీస్తే చాలు, బల్లల మీద సన్నటి పొర పడేది. ఇంట్లో బాబాయి ఒక్కో మిషను విప్పి, ఒక్కో చక్రం పన్నూ బ్రష్షుతో తుడిచేవాడు. మాటలు తక్కువ, తుడవడం ఎక్కువ. ఆ ఏడాదంతా మా ఇంట్లో అదే పని.

చివరి రోజున సభా దండలూ ఏమీ పెట్టలేదు, పెట్టేంత జనమూ లేరు. పిన్ని ఇంటికొచ్చి చెప్పులు గుమ్మంలో విడిచి, బకెట్టు జోలికి కూడా పోకుండా మంచం ఎక్కింది. మర్నాడు బడి టైముకి అలవాటు కొద్దీ నేను లేపబోతే బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు. మిషన్ల పని కూడా వాయిదా వేసుకున్నాడు. ఆవిడ మధ్యాహ్నం దాకా నిద్రపోయింది.